కాదన్న కిరీటం

ఐజాక్ అసిమోవ్ నవల 'ఫౌండేషన్ అండ్ ఎంపైర్' (1952) మొదటి భాగం చదివినప్పుడు నాకు రచయిత మీద కోపమే వచ్చింది. క్షీణిస్తున్న నక్షత్ర సామ్రాజ్యంలో బెల్ రియోజ్ అనే యువ సేనాని ఉంటాడు. శౌర్యం, వ్యూహం, రాజభక్తి, దేనికీ కొదవ లేదు. ఫౌండేషన్‌ను ఓటమి అంచుకు నెడతాడు. అంతలో చక్రవర్తి రెండవ క్లియాన్ అతణ్ణి వెనక్కి పిలిపించి, రాజద్రోహి అని మరణశిక్ష వేయిస్తాడు. ఇదేం ముగింపు అనుకున్నాను.

అసిమోవ్‌కు ప్రేరణ గిబ్బన్ రాసిన రోమన్ పతన చరిత్ర. బెల్ రియోజ్ పేరులోనే బెలిసారియస్ ధ్వనిస్తాడు. జస్టినియన్ చక్రవర్తి సేనాని అయిన ఆ బెలిసారియస్ కథ చదివాకే నా కోపం చల్లారింది.

బెలిసారియస్ 530లో దారా వద్ద పారశీకులను ఓడించాడు. 533లో ఆఫ్రికాలో దిగి, కొద్ది నెలల్లోనే వాండల్ రాజ్యాన్ని కూల్చాడు. ఆ వెంటనే, అతడు అక్కడే రాజు కాబోతున్నాడన్న చాడీలు రాజధానికి చేరాయి. అతడు తనంతట తానే తిరిగి వచ్చి ఆ అనుమానం తీర్చాడు.

అసలు పరీక్ష 540లో, ఇటలీలోని రవెన్నా ముట్టడిలో ఎదురైంది. నువ్వే పశ్చిమ చక్రవర్తివి కమ్మని గోథులు అతణ్ణి కోరారు. అతడు ఒప్పుకున్నట్టు నటించి, నగరంలో ప్రవేశించి, దానిని జస్టినియన్‌కే అప్పగించాడు. ఇంతకు మించిన విధేయత ఏముంటుంది? కానీ వాండల్ విజయానికి జరిగిన ఊరేగింపు ఈసారి జరగలేదు. తరువాత మహమ్మారి కాలంలో పదవి, ఆస్తి పోయాయి. 544లో మళ్ళీ ఇటలీకి పంపారు గానీ, చాలినంత సైన్యమూ ఇవ్వలేదు, ధనమూ ఇవ్వలేదు. 559లో హూణులు రాజధాని దాపుకు వస్తే, ఆ ముసలి సేనానినే పిలిచారు. 562లో కుట్ర నేరం మోపి, మరుసటి ఏడు మన్నించారు. 565లో చక్రవర్తి, సేనాని ఇద్దరూ కొద్ది నెలల తేడాతో మరణించారు.

నాకు తోచినది ఇదీ: కిరీటాన్ని కాదనడం విధేయతకు నిదర్శనమే. కానీ కాదనాలంటే ముందు అది చేతికందాలి కదా! రవెన్నాలో బెలిసారియస్ తన భక్తిని నిరూపించుకున్న క్షణంలోనే, తాను తలచుకుంటే చక్రవర్తి కాగలడనీ నిరూపించాడు. జస్టినియన్‌కు ఆ రెండవ సంగతే గుర్తుండిపోయింది. నవలలో వృద్ధుడైన డ్యూసెం బార్ చెప్పే తర్కమూ ఇదే: బలవంతుడైన సేనానిని బలవంతుడైన చక్రవర్తి బతకనివ్వడు. తన కింద బలవంతులను ఉండనివ్వడు కనుకనే అతడు బలవంతుడు.

బెలిసారియస్‌ను గుడ్డి బిచ్చగాడిగా చేసిన కథ తరువాతి శతాబ్దాల కల్పన. 1781లో దావీద్ దానినే చిత్రంగా గీశాడు. అసిమోవ్ ఉరి వేయించాడన్నంత పని చేశాడు. చరిత్ర మాత్రం సేనానిని బతకనిచ్చింది. మూల్యం చెల్లించినది ఇటలీ. 535లో మొదలైన యుద్ధం 554 దాకా సాగి ఆ దేశాన్ని పిప్పి చేసింది. 568లో లొంబార్డులు వచ్చి అందులో చాలా భాగాన్ని ఆక్రమించుకున్నారు. అనుమానం ఖరీదు అనుమానించినవాడు ఒక్కడే కట్టడని నాకు అప్పుడు అర్థమైంది.