సికిందరాబాదున ఒక సత్యాన్వేషణము

1798 నాటి సంధిచే నిజాము రాజ్యమున నిలిచిన ఆంగ్లసేనలకు హుసేనుసాగరమున కుత్తరముగా నేర్పడిన విడిది, 1806వ సంవత్సరమున మూడవ నిజామగు సికందర్ జా పేర సికిందరాబాదై, జనుల వాడుకలో లష్కరై, ఆ శతాబ్దము ముగియునప్పటికి దక్షిణాపథమునందలి ప్రధానమైన దండుస్థానములలో నొకటిగా పరిగణింపబడుచుండెను. కవాతు మైదానములకును, బారకాసులకును పేరొందిన యీ పట్టణమునకు విజ్ఞానశాస్త్ర చరిత్రమున శాశ్వతస్థానము సంపాదించి పెట్టినది మాత్రము ఏ సేనాని విజయమును గాదు. బేగంపేటలోని యొక చిన్న సైనికవైద్యశాలలో, 1897 ఆగస్టు 20వ తేదీన, ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరిశీలించిన వైద్యుని దృష్టియే. ఆ వైద్యుడు రోనాల్డ్ రాస్. ఆయన దేనిని కనుగొనెనో పాఠశాల విద్యార్థులు సైత మెరుగుదురు. కాని, అది కంటబడుటకు ముందు ఏయే నమ్మకములను ఆయన విడువవలసి వచ్చెనో, దేనిని విడువక పట్టుకొనెనో యనునదియే యీ వృత్తాంతమున మిక్కిలి విచారింపదగిన భాగము.

మన పల్లెలలో చలిజ్వరమనియు, అడవి ప్రాంతములలో మన్నెపు జ్వరమనియు వ్యవహరింపబడిన మలేరియా, బురదనేలల నుండి లేచు చెడుగాలివలన కలుగునని పెక్కు శతాబ్దములు లోకము నమ్మెను. 1880 నవంబరులో అల్జీరియాలోని కాన్‌స్టంటైన్ నగరమున ఫ్రెంచి సైనికవైద్యుడగు లావరాన్ జ్వరపీడితుల రక్తమున ఒక పరాన్నజీవిని కనుగొన్నను, పెక్కుమంది వైద్యులు దానిని చాలకాలము విశ్వసింపలేదు. 1857లో అల్మోరాలో జన్మించి, 1881లో భారత వైద్యసేవలో ప్రవేశించిన రాస్ కూడ ఆ యవిశ్వాసులలో నొకడే. ఈ జ్వరము ప్రేవులలో పుట్టు విషదోషమువలన కలుగునని ఆయన స్వంత సిద్ధాంత మొకటి కల్పించుకొని, దానిని సమర్థించుచు వ్యాసములు సైతము ప్రకటించెను. 1894లో సెలవుపై లండనునకు వెళ్లినపుడు, పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు లావరాన్ చెప్పిన జీవిని ఆయనకు ప్రత్యక్షముగా చూపెను. కంటికెదురుగా నిదర్శనము నిలిచిన పిమ్మట రాస్ తన వాదమును పట్టుకొని వ్రేలాడలేదు. తాను వ్రాసినదానిని తానే త్రోసిపుచ్చెను. ఇది ఆయన చేసిన మొదటి త్యాగము.

చైనాలోని అమోయ్ రేవున పనిచేయుచు, బోదకాలు రోగమునకు హేతువగు సూక్ష్మక్రిమి దోమ శరీరమున పెరుగుటను 1877లోనే కనుగొన్న మాన్సన్, మలేరియా జీవికిని దోమయే ఆశ్రయమై యుండునని ఊహించెను. మనుష్యుని రక్తము బయటికి వచ్చిన కొంతసేపటికి ఆ జీవినుండి కొరడాలవంటి తంతువులు వెలువడి చలించుట అంతకుముందే వైద్యులు చూచియుండిరి. ఆ తంతువులే రోగబీజములనియు, అవి దోమ దేహమున చేరుననియు, ఆ దోమ గ్రుడ్లు పెట్టి నీటిపై పడి చచ్చిన పిమ్మట ఆ నీరు త్రాగినవారికి జ్వరము సోకుననియు మాన్సన్ భావించెను. ఇందు మూడు మాటలు ముడిపడి యున్నవని పాఠకులు గమనింపవలెను: దోమ ఆశ్రయమను మాట యొకటి, తంతువులు బీజములను మాట యొకటి, నీరు మార్గమను మాట యొకటి. మూడును ఒకే గురువు నోట ఒకేసారి వెలువడినవి గాన, శిష్యునకు మూడును ఒకే సిద్ధాంతముగా తోచుట సహజము.

1895లో ఇండియాకు తిరిగివచ్చి, సికిందరాబాదున పందొమ్మిదవ మద్రాసు పదాతిదళమునకు వైద్యుడుగా నియమింపబడిన రాస్, గురువు చెప్పిన త్రోవనే పట్టెను. ఒక జ్వరరోగిని దోమతెరలోనుంచి దోమలచే కుట్టించి, ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున అతనికిచ్చుచు, ఆ దోమలను పరిశీలించెను. రోగి రక్తము త్రాగిన దోమలు చచ్చి పడిన నీటిని లచ్చుమన్ అను యువకునిచే త్రాగించెను. కొన్ని దినములకు లచ్చుమన్నకు స్వల్పముగా జ్వరము వచ్చెను. సిద్ధాంతమును ప్రేమించువానికి ఇంతకంటె ప్రలోభకరమైన ఘడియ యుండదు. కాని అతని రక్తమున పరాన్నజీవి కనబడలేదు. అదే నీరు త్రాగిన ఇతరులకు జ్వరమే రాలేదు. అనుకూలమైన యొక్క ఫలమును లోకమునకు చాటి, ప్రతికూలములను మరుగుపరచుట సాధ్యమే యైనను, రాస్ ఆ పని చేయక, నీటిమార్గము నిలువదని క్రమక్రమముగా గ్రహించి, దోమకాటే మార్గమై యుండునను ఊహవైపు మొగ్గెను. అయితే బెంగుళూరున కాటును గూర్చి చేసిన పరీక్షలును ఫలింపలేదు. ఆరోగ్యవంతులను దోమలు కుట్టినవి, జ్వరము రాలేదు.

నిక్షేపము ఈ తోటలోనే యున్నదని నమ్మి రెండేండ్లు త్రవ్వినవానికి ఏమియు దొరకనపుడు, నిక్షేపమే లేదని పలుగు పారవైచి పోవలెనా, త్రవ్వినచోటు తప్పని తలంపవలెనా? రెండును సాధ్యమే, ఏది యుక్తమో తెలియుటకు ఒకటే త్రోవ, ఇంతవరకు త్రవ్విన గోతులు దేనిని కాదన్నవో, దేనిని అసలు తాకనైన లేదో వేరుచేసి చూచుట. రాస్ చేసినది ఇదియే. ఆయన అంతవరకు పరీక్షించినవి రెండు జాతుల దోమలు: బూడిదవన్నెవి కొన్ని, ఒంటిపై చారలు గలవి కొన్ని. వానిలో జీవి పెరుగలేదన్నచో ఆ దోమలు ఆశ్రయములు కావని మాత్రమే తేలును గాని, దోమ ఆశ్రయము కాదని తేలదు. తంతువులను వెంబడించుట నిష్ఫలమైనచో ఆ జీవి రూపము వేరని యనుమానింపవలెను గాని, జీవియే లేదనరాదు. కనుక ఆయన తంతువులను వెదకుట మాని, ఏ రూపమున ఏ యవయవమున నున్నను విడువరాదని, దోమ దేహమును కణము కణముగా చూడ నిశ్చయించెను.

1897 జూనులో సికిందరాబాదునకు మరల వచ్చిన రాస్ ఆ వేసవి శేషమున పడిన శ్రమ సామాన్యమైనది కాదు. పంకా వీచినచో కోసియుంచిన దోమలు ఎగిరిపోవును గాన, ఉక్కలోనే కూర్చుండెను. చెమటచే సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. కంటికానించు గాజు పగిలియుండెను. ఆగస్టు నడుమ ఆయన సేవకులు తెచ్చిన పురుగులనుండి, రెక్కలపై మచ్చలుగల గోధుమవన్నె దోమలు పుట్టెను. అవి నేడు మనము అనాఫిలిస్ అని పిలుచు జాతివి. 16వ తేదీన పది దోమలు హుసేన్ ఖాన్ అను జ్వరరోగి రక్తము త్రాగగా, అతనికి పది అణాలు ముట్టెను. దినదినమును కొన్ని చచ్చుచు, కొన్ని కోతకు గురియగుచు, 20వ తేదీకి స్వల్పసంఖ్యలో మిగిలెను. ఆనాటి మధ్యాహ్నము ఒకదాని జీర్ణకోశపు గోడలో గుండ్రని కణములును, వాని లోపల నల్లని రేణువులును ఆయనకు కనబడినవి.

ఆ రేణువులే సాక్ష్యము. మలేరియా జీవి మనుష్యుని రక్తములోని ఎఱ్ఱని పదార్థమును తిని, దాని శేషముగా నల్లని రేణువులను తనలో నిలుపుకొనును. దోమ శరీరమున సహజముగా అట్టివి యుండవు. ఇంతకుముందు కోసిన దోమలలో ఒక్కదానను ఆయన వానిని చూచి యుండలేదు. మరునాడు మిగిలినదానిని కోయగా ఆ కణములు మునుపటికంటె పెద్దవై యుండెను. పెరుగుచున్నది ప్రాణియే గాని మరియొకటి కానేరదు. ఈ యుదంతము ఆ సంవత్సరము డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నలున వెలువడెను. ఇంతలో సెప్టెంబరున ఆయనను మలేరియా రోగులే అరుదైన రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసిరి. 1898లో కలకత్తాకు చేరి, పక్షుల మలేరియాపై పరిశోధించి, జూలైలో ఆ జీవి దోమ లాలాజలగ్రంథులకు చేరుటను, కాటువలననే పిచ్చుకలకు రోగము సోకుటను నిరూపించెను. నీటిమార్గము దానితో ముగిసెను. మనుష్యుల విషయమున అనాఫిలిస్ పాత్రను ఇటలీలో గ్రాస్సీ, బిగ్నామి, బాస్టియనెల్లి ఆ సంవత్సరమే స్థిరపరచిరి. తంతువులు బీజములు గాక పురుషకణములని అమెరికాలో మెకాలం 1897లోనే చూపియుండెను. గురువు చెప్పిన మూడు మాటలలో రెండు వీగిపోయి, ఒకటి నిలిచెను. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ఇదే కాలమున, ఇదే జంటనగరములందు, దీనికి వ్యతిరేకమైన యుదాహరణము నొకటి చూడవచ్చును. హైదరాబాదు వైద్యపాఠశాలకు అధ్యక్షుడై, రెసిడెన్సీ వైద్యుడై, స్త్రీలకు సైతము వైద్యవిద్య నేర్పి ఖ్యాతిగాంచిన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫారము వలని ప్రమాదము శ్వాసకే గాని హృదయమునకు కాదని తన గురువు సైమ్ వద్ద నేర్చిన మతమును ప్రాణప్రదముగా నమ్మెను. 1888లోను, 1889లోను నిజాము ద్రవ్యసహాయముతో జరిగిన రెండు క్లోరోఫారము సంఘములు జంతువులపై వందలకొలది పరీక్షలు చేసి, ఆ మతమునే బలపరచెను. హృదయము హఠాత్తుగా ఆగి రోగులు చనిపోయిన వార్తలు పలుచోట్లనుండి వచ్చినను, అవి మత్తు ఇచ్చినవారి దోషములుగానే లారీ వ్యాఖ్యానించెను. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు క్లోరోఫారము హృదయస్పందమును కల్లోలపరచి చంపగలదని నిరూపించెను. లారీ శ్రమకు గాని, సద్భావమునకు గాని లోపములేదు. విరుద్ధమైన ప్రతి సాక్ష్యమునకును ఒక సమాధానము సిద్ధముగా నుంచుకొనుటయే లోపము.

కనుక ప్రియమైన సిద్ధాంతమును ఎప్పుడు విడువవలెనను ప్రశ్నకు సికిందరాబాదు చరిత్ర యిచ్చు తీర్పు స్పష్టము. అపజయము ఎంత కాలము సాగినదను లెక్క ప్రమాణము కాదు. పరీక్షకు నిలిచి ఓడిన భాగమును, అది గురువు మాటయైనను, వెంటనే విడువవలెను. ఇంకను పరీక్షకు రాని భాగమును, లోకము నవ్వినను, విడువరాదు. ఈ వివేకమునకు మూల్యము చెల్లించినవారిలో రాస్ ఒక్కడే లేడు. అణాకొక కాటు భరించిన హుసేన్ ఖాన్, తెలిసియో తెలియకయో ఆ నీరు త్రాగిన లచ్చుమన్, కలకత్తాలో ఆయనకు కుడిభుజమై పనిచేసిన మహమ్మద్ బక్ష్ కూడ నున్నారు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినముగా స్మరించునపుడు ఈ పేళ్లను కూడ చదువుట మన విధి. బేగంపేటలోని ఆ భవనము నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవిశాస్త్ర సంస్థగా నిలిచియున్నది. విద్యార్థులను అచటికి తీసికొనిపోవు ఉపాధ్యాయులు, దొరికిన దోమను గూర్చి మాత్రమే గాక, దొరకని రెండు సంవత్సరములను గూర్చియు వారికి చెప్పవలెనని నా ప్రార్థన.