ఒకవైపే నడిచిన చదువు

ఆలేరు చుట్టుపక్కల చెలకల్లో తరతరాలుగా పండిన జొన్న, సజ్జ, తైద మూడూ ఆఫ్రికాలో పుట్టిన పంటలే. నల్లగొండ, పాలమూరు రైతుకు కరువు రోజుల్లో నాలుగు డబ్బులు చూపిన ఆముదం కూడా తూర్పు ఆఫ్రికాదేనని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. జొన్నగటక తాగి, తైదంబలి తాగి బతికిన ఈ మెట్టప్రాంతపు పిల్లలు విదేశీ చదువంటే అమెరికా, బ్రిటన్ అంటారే తప్ప, ఒక్క సెమిస్టరుకైనా ఆఫ్రికా వైపు చూడరు. ఇది మనకు పుట్టుకతో వచ్చిన గుణమేమీ కాదు. పాత నిర్ణయాలు కొన్ని చదువును ఒకవైపే నడిపించాయి.

ఆఫ్రికాతో రాకపోకలు మాత్రం ఎప్పుడూ ఉన్నాయి. వనపర్తి సంస్థానం పోషించిన ఆఫ్రికన్ ఆశ్విక దళం తర్వాత నిజాం కొలువులో చేరింది. హైదరాబాదులోని ఏసీ గార్డ్స్‌కు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్లే వచ్చింది. అదే సంస్థానానికి చెందిన రాజా రామేశ్వరరావు 1950ల మొదట్లో నైరోబీలో, ఆ తర్వాత అక్రాలో భారత దౌత్యాధికారిగా పనిచేసి, తిరిగొచ్చాక పాలమూరు ఎంపీ అయ్యారు. ఆఫ్రికా విద్యార్థులకు మన ప్రభుత్వం ఉపకార వేతనాలిచ్చి పిలిపించుకున్నది కూడా ఆ కాలంలోనే. అప్పటికి అది న్యాయమైన సాయం. వలసపాలనలో ఉన్న ఆ దేశాల్లో ఉన్నత విద్యాసంస్థలు చాలా తక్కువ: మకెరెరే 1922లో సాంకేతిక పాఠశాలగా మొదలైంది, ఇబాదాన్, లెగోన్ కళాశాలలు 1948లో వచ్చాయి. కానీ అవి ఎదిగాక కూడా మన చూపు మారలేదు. 1968లో నైరోబీ విశ్వవిద్యాలయ కళాశాలలో రచయిత గూగీ వా థియాంగో, ఆయన సహచరులు ఇంగ్లిష్ శాఖను తీసేసి ఆఫ్రికా సాహిత్యాన్ని చదువుకు కేంద్రం చేయాలని వాదించారు. మాతృభాషలో చదువు గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుకుంటున్న మనకు ఇంతకంటే దగ్గరి పాఠం ఎక్కడ దొరుకుతుంది? ఆ గూగీయే జైలులో టాయిలెట్ కాగితాల మీద గికుయు భాషలో నవల రాస్తే, 1980లలో కవి వరవరరావు కూడా జైలులోనే దాన్ని తెలుగు చేశారు. ఆయన పుట్టిన చినపెండ్యాల ఆలేరు, జనగామల మీదుగా పోయే రైలు దారిలోనే ఉంది. పుస్తకం వచ్చిన దారిన విద్యార్థి పోలేదు.

దక్షిణాఫ్రికా విషయంలో నష్టం ఇంకా పెద్దది. 1860లో మద్రాసు నుంచి నటాల్ చేరిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయంలో తెలుగు పాఠ్యాంశమైంది. అయితే వర్ణవివక్షకు నిరసనగా భారత్ 1946లోనే ఆ దేశంతో వ్యాపారం ఆపేసింది. దౌత్య సంబంధాలు మళ్లీ కుదిరింది 1993లో. ఆ వెలివేత సరైనదే, దాన్ని తప్పుపట్టను. కానీ తలుపు తెరుచుకున్న తర్వాత మనం కదలకపోవడానికి మాత్రం సాకు లేదు.

ర్యాంకులు లేని చోట చదివి ఏం లాభమని అడుగుతారు. కేప్‌టౌన్, విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయాలు ప్రపంచ ర్యాంకుల్లో ఉస్మానియా కంటే ఎంతో పైన ఉన్నాయి. ఉద్యోగం మాటేమిటన్నది బరువైన ప్రశ్నే. అందుకే డిగ్రీ మొత్తం అక్కడ చదవమనడం లేదు, ఒక సెమిస్టరు చాలంటున్నాను. ట్విన్నింగ్ ఒప్పందం ఉంటే 30 శాతం లోపు క్రెడిట్లు విదేశంలో తెచ్చుకునే వీలును 2022 యూజీసీ నిబంధనలు ఇచ్చాయి. భద్రత గురించిన భయమూ కొట్టిపారేయదగింది కాదు. దక్షిణాఫ్రికాలో 2008లో విదేశీయుల మీద దాడులు జరిగాయి, 2017లో గ్రేటర్ నోయిడాలో మనవాళ్లే ఆఫ్రికా విద్యార్థులను కొట్టారు. దేశాన్ని బట్టి, క్యాంపస్‌ను బట్టి చూసుకోవాలే కానీ ఖండం మొత్తాన్ని ఒక్క గాటన కట్టకూడదు. ఇక ఖర్చు: రాష్ట్ర ప్రభుత్వం ఓవర్సీస్ విద్యానిధి సాయాన్ని పూర్తి కోర్సులకే ఇస్తోంది. దాన్ని ఆఫ్రికా దేశాల్లో ఒక సెమిస్టరుకూ వర్తింపజేస్తే ఆలేరు నేత కుటుంబం పిల్ల కూడా వెళ్లగలుగుతుంది.

2023లో ఐఐటీ మద్రాసు జాంజిబార్‌లో క్యాంపస్ తెరిచింది. మంచి పనే, కానీ అక్కడికీ మనం బోధించడానికే వెళ్లాం. నేర్చుకోవలసింది లేదనుకుంటే పొరపాటు. జొన్న వేర్లను పట్టి సారం పీల్చే స్ట్రైగా కలుపును తట్టుకునే రకాలు రూపొందించి, 2009లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్న గెబిసా ఎజెటా డిగ్రీ చదివింది ఇథియోపియాలోని అలెమాయా కళాశాలలో, అంటే నేటి హరమాయా విశ్వవిద్యాలయంలో. మన వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు చివరి ఏడాదిలో ఎలాగూ కొన్ని నెలలు పల్లెల్లో రైతుల దగ్గర ఉండి పని నేర్చుకుంటారు. అందులో కొందరినైనా జొన్న పుట్టిన నేల మీది రైతుల దగ్గరికి పంపే ఒప్పందం రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచే మొదలు కావాలి.