రక్తనిధి గడప దాటిన పరీక్ష

హెచ్‌ఐవీ పరీక్షా ఫలితాల్లోని తికమకకు మూలం ఆ పరీక్ష పుట్టిన చోటులోనే ఉంది. 1985 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన ఎలైజా, అంటే వైరస్‌ను కాక, దానికి ఎదురుగా శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను రంగు మార్పుతో పట్టే పద్ధతి, మొదట దాతల రక్తాన్ని వడపోయడానికే వచ్చింది. అనుమానమున్న సంచిని పారవేస్తే రక్తనిధికి పెద్ద నష్టమేమీ లేదు గనుక, కలుషితమైనది ఒక్కటీ తప్పించుకోకుండా దానిని అతి సున్నితంగా రూపొందించారు. మనిషిని అలా పక్కన పడేయడానికి వీలులేదు.

తొలి కిట్లలో వాడిన వైరస్‌ను మానవ రక్తకణాల్లో పెంచేవారు. ఆ కణాల ప్రోటీన్లు కొన్ని కిట్‌లోనే మిగిలిపోవడంతో, పలు కాన్పులైన స్త్రీలు, రక్తం ఎక్కించుకున్నవారు వైరస్ లేకుండానే ‘రియాక్టివ్’గా తేలేవారు, ఎందుకంటే పరాయి కణాలపై యాంటీబాడీలు వారి రక్తంలో అంతకుముందే ఉండేవి. దీనికి లెక్క కూడా తోడైంది: వెయ్యికి ఇద్దరిలో వైరస్ ఉన్నచోట పదివేల మందికి, వైరస్ లేనివారి విషయంలో నూటికి ఒకసారి పొరబడే పరీక్ష చేస్తే, నిజమైన పాజిటివ్‌లు ఇరవైకి మించవు గాని పొరపాటువి వంద దాకా ఉంటాయి. వైరస్ ప్రోటీన్లను ఒక పట్టీపై విడదీసి, ఏ గీతలు తేలాయో చూసే వెస్టర్న్ బ్లాట్ ఆ పొరపాట్లను ఏరివేసింది. అయితే పీ24 అనే ఒక్క ప్రోటీన్ గీత మాత్రమే కనబడినవారిని ‘అనిశ్చితం’ అనే కొత్త గదిలోకి నెట్టింది కూడా అదే. భారత్‌లోనూ అంతే: 1986లో మైక్రోబయాలజిస్టు డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల చెన్నైలో సేకరించి వెల్లూరులో ఎలైజాతో పరీక్షించిన రక్త నమూనాల్లో ఆరు పసుపు రంగుకు మారగా, వాటికీ అమెరికాలో వెస్టర్న్ బ్లాట్ నిర్ధారణ అవసరమైంది.

తర్వాత భారతదేశంలోని ఐసీటీసీలు, అంటే సమగ్ర సలహా, పరీక్షా కేంద్రాలు, వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలు చేసే పద్ధతిని అనుసరించాయి. మూడూ ఏకీభవించకపోతే కొన్ని వారాలకు మళ్లీ రక్తం తీస్తారు, ఎందుకంటే వైరస్ సోకినా పరీక్షకు అందని తొలి వారాలు, అంటే ‘విండో పీరియడ్’, అడ్డురావచ్చు.

దంపతుల్లో ఒకరికి పాజిటివ్, మరొకరికి నెగెటివ్ వస్తే దానిని పొరపాటుగానో, నడవడికి సాక్ష్యంగానో చూడటం పరిపాటి అయింది. నిజానికి వైరస్ ప్రతి కలయికలోనూ సోకదు. ఒకరికే వైరస్ ఉన్న 1,763 జంటలపై చెన్నై, పుణెలతో సహా 9 దేశాల్లోని కేంద్రాల్లో జరిగిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం, వైరస్ ఉన్నవారు ముందుగానే మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో తేల్చింది.

ఇలాంటి జంటల విషయానికి చట్టం ఆలస్యంగానే వచ్చింది. రక్తదాన సందర్భంలో బయటపడిన ఫలితం వల్ల పెళ్లి ఆగిపోయిన వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు 1998లో, కాబోయే భార్య ఆరోగ్యం దృష్ట్యా వైద్య గోప్యత సంపూర్ణం కాదన్నది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వైద్యుడు లేదా కౌన్సెలర్ భాగస్వామికి తెలపడానికి షరతులు విధిస్తూనే, ఆ మాట వల్ల హింసకో, విడిచిపెట్టడానికో గురికావచ్చన్న సహేతుక భయం ఉన్నప్పుడు, ముఖ్యంగా స్త్రీల విషయంలో, అలా తెలపకూడదన్నది.