ఐప్యాడ్, మ్యాక్ కలిపి పాట రికార్డింగ్: ఒక్క కేబుల్ చాలు

ఇంట్లో ఐప్యాడ్, మ్యాక్ రెండూ ఉంటే, ఐప్యాడ్‌లో వాయించింది రికార్డ్ చేయడానికి ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాల్సిన పనిలేదు. రెండింటినీ డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, మ్యాక్‌లో 'ఆడియో మిడి సెటప్' తెరవాలి. అందులో ఐప్యాడ్ పేరు దగ్గర 'ఎనేబుల్' నొక్కాలి. తర్వాత గ్యారేజ్‌బ్యాండ్‌లోనో లాజిక్ ప్రోలోనో ఇన్‌పుట్‌గా ఐప్యాడ్‌ను ఎంచుకుంటే చాలు.

శబ్దం ఐప్యాడ్ నుంచి మ్యాక్‌కే వెళ్తుంది, తిరిగి రాదు. మిడి సంగతి వేరు. అది శబ్దం కాదు, ఏ మెట్టు ఎంత గట్టిగా నొక్కారో చెప్పే సమాచారం.

రికార్డింగ్ వేళ బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మాత్రం వద్దు. వేలు పడ్డాక కాసేపటికి శబ్దం వినిపిస్తుంది, తాళం తప్పుతుంది. వైరు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లే నయం. విండోస్ కంప్యూటర్లలో ఈ సదుపాయం లేదు, వేరే యాప్ వేసుకోవాల్సిందే.