ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్: డ్రాగ్ కారులో బిగించవలసిన చోటు

పంపు తోసే ఇంధనాన్ని ఇంజనుకు కావలసిన ఒత్తిడి దగ్గర నిలిపి ఉంచే పరికరం ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్. పిడికిట్లో ఇమిడే అల్యూమినియం దిమ్మె ఇది. లోపల పలుచని డయాఫ్రం, దాన్ని అదిమిపెట్టే స్ప్రింగు, ఈ రెండింటి కదలికను బట్టి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే వాల్వు ఉంటాయి. ఇంజనుకు చేరే ఇంధనం దీని అదుపులోనే ఉంటుంది కాబట్టి దీని చుట్టూ ఉన్న గొట్టాలు, జాయింట్లు పంపు తిరుగుతున్నంతసేపూ ఒత్తిడిలోనే ఉంటాయి. నిలుచున్న చోటి నుంచి పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ కార్లలో దీనికి చోటు చాలాసార్లు ఖాళీని బట్టి ఖరారవుతుంది. నిజానికి ముందు తేల్చుకోవలసినవి రెండు: తిరిగే భాగం ఏదైనా పగిలితే ముక్కలు ఎటు ఎగురుతాయి, ఇంధనం లీకైతే ఎక్కడ పడుతుంది. ఈ రెండింటికీ జవాబు దొరికితే మిగిలే చోట్లు కొద్దే. ఒత్తిడి లెక్కలు కూడా వాటినే చూపిస్తాయి. భద్రత కోసం వేగాన్ని వదులుకోవాలనే భయం ఈ విషయంలో అక్కర్లేదు.

పని తీరు

రెగ్యులేటర్లలో ముఖ్యమైన రకాలు రెండు. బైపాస్ రకం ఇంజను దగ్గర ఒత్తిడిని నిలబెట్టి, మిగులు ఇంధనాన్ని రిటర్న్ లైను ద్వారా ట్యాంకుకు తిప్పి పంపుతుంది. రిటర్న్ లేని రకం ఒత్తిడి చాలినంత కాగానే దారి మూసేస్తుంది. పెట్రోలు కార్బ్యురేటరుకు మామూలుగా 6 నుంచి 7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి సరిపోతుంది. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇంజనుకు 43 లేదా 58 పీఎస్‌ఐ, అంటే 3 లేదా 4 బార్లు, వాడుక. టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ ఉంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి ఒక సన్నని గొట్టం రెగ్యులేటర్ పైభాగానికి వస్తుంది. మానిఫోల్డులో గాలి ఒత్తిడి 20 పీఎస్‌ఐ పెరిగితే ఇంధన ఒత్తిడి కూడా 20 పెరుగుతుంది. అలా పెరగకపోతే ఇంజెక్టరు ఎదురుగాలిలోకి చల్లవలసి వస్తుంది, సిలిండరుకు ఇంధనం చాలదు, పిస్టన్ కరగవచ్చు. అంటే రెగ్యులేటర్ తప్పు చేస్తే దెబ్బ రెండు వైపులా ఉంటుంది: లోపల ఇంజను కాలిపోవచ్చు, లీకైతే బయట కారే కాలిపోవచ్చు.

ఒత్తిడి లెక్క

డ్రాగ్ కారు కదిలిన క్షణంలో గొట్టంలోని ఇంధనం కూడా వెనక్కి తూలుతుంది, బస్సు ఒక్కసారిగా కదిలితే నిలుచున్నవాళ్లు తూలినట్టు. ఆ తూలుడును కొలవవచ్చు. పెట్రోలు సాంద్రత లీటరుకు సుమారు 0.74 కిలోలు. కారు ఒక ‘జీ’ త్వరణంతో, అంటే భూమ్యాకర్షణతో సమానమైన త్వరణంతో, కదిలితే, ముందుకు సాగే గొట్టంలో ప్రతి మీటరుకు దాదాపు ఒక పీఎస్‌ఐ ఒత్తిడి తగ్గుతుంది. ట్యాంకు వెనక, ఇంజను ముందు ఉండి మధ్య గొట్టం 3 మీటర్లు ఉందనుకుంటే, 2 ‘జీ’ల త్వరణం దగ్గర పోయేది 6 పీఎస్‌ఐకి పైమాటే. రెగ్యులేటరును ట్యాంకు పక్కనే బిగించి 7 పీఎస్‌ఐకి సరిచేస్తే కార్బ్యురేటరుకు చేరేది దాదాపు శూన్యం. అదే రెగ్యులేటర్ ఇంజను పక్కన ఉంటే, వెనక ఉన్న బలమైన పంపు ఆ నష్టాన్ని దారిలోనే భరిస్తుంది. రెగ్యులేటర్ దగ్గరికి వచ్చేసరికి ఇంకా కావలసినంత ఒత్తిడి మిగిలి ఉంటుంది, అది 7 దగ్గర నిలబెట్టి పంపుతుంది. కాబట్టి రెగ్యులేటరుకూ కార్బ్యురేటరుకూ, లేదా ఇంజెక్టర్ల రెయిలుకూ, మధ్య ఉండే గొట్టం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ట్యాంకును కారు ముక్కు దగ్గర అమర్చిన బళ్లలో త్వరణం ఇంధనాన్ని ఇంజను వైపే తోస్తుంది. అక్కడ రెగ్యులేటర్ అదుపు చేయవలసింది పెరిగే ఒత్తిడిని. దాని చోటు మాత్రం ఇంజను పక్కనే.

ఫైర్‌వాల్ ఎందుకు పనికిరాదు

ఇంజను పక్కన అనగానే చాలామంది చూపు ఫైర్‌వాల్ మీదికి పోతుంది. ఇంజను గదికీ డ్రైవరు కూర్చునే చోటుకీ మధ్య నిలువుగా ఉండే ఈ రేకు చదునుగా, చేతికి అందేలా ఉంటుంది. రెండు స్క్రూలతో పని అయిపోతుంది, గేజి కూడా కళ్లకు ఎదురుగా కనిపిస్తుంది. వీధుల్లో తిరిగే మామూలు కార్లలో అక్కడ బిగించిన రెగ్యులేటర్లు కోకొల్లలు. డ్రాగ్ కారులో మాత్రం అంతకు మించిన చెడ్డ చోటు లేదు. ఇంజను ముందుండి వెనక చక్రాలు తిరిగే కారులో ఫ్లైవీల్, క్లచ్, వాటిని కప్పే బెల్‌హౌసింగ్ ఉండేది సరిగ్గా ఫైర్‌వాల్ కిందే. 35 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఫ్లైవీల్ 8,000 ఆర్‌పీఎం వద్ద తిరుగుతుంటే దాని అంచు వేగం సెకనుకు 147 మీటర్లు, గంటకు సుమారు 530 కిలోమీటర్లు. అది పగిలితే ముక్కలు తిరిగే తలంలోనే, చక్రం అంచు నుంచి బయటికి, పైకీ పక్కలకూ ఎగురుతాయి. ఆ తలానికి పైన ఇంధనం నిండిన దిమ్మె ఉంటే ఒక్క ముక్క చాలు. ఇంధనం చిమ్ముతుంది, అదే దెబ్బకు చిరిగిన రేకు గుండా మంట డ్రైవరు కాళ్ల మీదికి వస్తుంది.

ఇది కేవలం ఊహ కాదని డ్రాగ్ రేసింగ్ చరిత్రే చెబుతుంది. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ నడుపుతున్న డ్రాగ్‌స్టరులో ట్రాన్స్‌మిషన్ పేలి, ఆయన కుడి పాదం ముందుభాగం తెగిపోయింది. మరుసటి ఏడాది ఆయన ఇంజనును డ్రైవరు వెనక్కి జరిపిన కారుతో బరిలో దిగి గెలిచారు. కొద్ది ఏళ్లలోనే డ్రాగ్‌స్టర్ల తరగతి దాదాపు మొత్తం అదే బాట పట్టింది. పగిలే భాగానికీ మనిషికీ మధ్య దూరం పెంచడమే ఆ మార్పు సారాంశం. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన అమెరికా సంస్థ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్, అంటే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, నిబంధనల్లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. ఇంజను ముందుండి వెనక చక్రాలు తిరిగే కార్లలో ఇంధనాన్ని చల్లబరిచే కూల్ క్యాన్‌లు, ఇంధనాన్ని పంచే దిమ్మెల వంటివి ఫ్లైవీల్, బెల్‌హౌసింగ్ ప్రాంతానికి కనీసం 6 అంగుళాలు, అంటే 15 సెంటీమీటర్లు, ముందుకు ఉండాలి. ఇంధన దిమ్మెలను ఫైర్‌వాల్ మీద బిగించకూడదు. ఆ ప్రాంతం గుండా గొట్టం పోక తప్పకపోతే, ఉక్కు జాలీ అల్లినది కానప్పుడు, దాన్ని అంగుళంలో ఎనిమిదో వంతు మందం గల 16 అంగుళాల ఉక్కు గొట్టంలో దూర్చాలి. డ్రైవ్‌షాఫ్ట్ సొరంగం గుండా ఇంధన గొట్టం పోనే కూడదు. రెగ్యులేటర్ కూడా ఒత్తిడిలో ఉన్న ఇంధనాన్ని నింపుకున్న దిమ్మే కాబట్టి ఈ నియమాల వెనకున్న తర్కం దానికీ పూర్తిగా వర్తిస్తుంది.

వేడి, మంట

పెట్రోలు ఆవిరికి సుమారు సున్నాకు దిగువ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పు తగిలితే అంటుకునే గుణం ఉంది. నిప్పురవ్వ లేకుండానే దానంతటది అంటుకునే ఉష్ణోగ్రత 250 డిగ్రీలకు కొంచెం పైన ఉంటుంది. పరుగు పూర్తయిన ఇంజను ఎగ్జాస్ట్ హెడర్ గొట్టాలు 500 డిగ్రీలు దాటి ఉంటాయి. 58 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర సూదిమొనంత రంధ్రం పడితే ఇంధనం చుక్కలుగా కారదు, పొగమంచులా చిమ్ముతుంది. అందుచేత రెగ్యులేటర్ హెడర్లకు పైన గానీ ఎదురుగా గానీ ఉండకూడదు. మెథనాలు వాడే కార్లలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే పట్టపగలు దాని మంట దాదాపు కంటికి కనిపించదు. డయాఫ్రం విషయం కూడా చాలామంది మరచిపోతారు. అది చిరిగితే ఇంధనం పైభాగంలోని చిన్న రంధ్రం గుండా బయటపడుతుంది. ఆ రంధ్రానికి మానిఫోల్డ్ గొట్టం ఉంటే ఇంధనం ఇంజనులోకే పోతుంది. గాలికి తెరిచి వదిలేసి ఉంటే అది ఎటు తిరిగి ఉందో అటే పడుతుంది. కాబట్టి బిగించేటప్పుడు ఆ రంధ్రం ముఖం హెడర్లకు, డిస్ట్రిబ్యూటరుకు, బ్యాటరీ తీగలకు ఎదురుగా లేకుండా చూసుకోవాలి.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం కార్ల కంపెనీల నుంచే తీసుకున్నది. ఈ కాలపు అనేక కార్లలో రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది, ఇంజను గదిలోకి ఒకే గొట్టం వస్తుంది, జాయింట్లు తక్కువ. మరి డ్రాగ్ కారుకు అదెందుకు పనికిరాదు? జాయింట్లు తగ్గడం భద్రతకు మంచిదే, ఆ మాట నిజం. కానీ రోడ్డు కారు త్వరణం అర ‘జీ’ దాటడమే అరుదు. 3 మీటర్ల గొట్టంలో పోయేది ఒకటిన్నర పీఎస్‌ఐ, 58లో అది లెక్కకు రాదు. 2 ‘జీ’ల దగ్గర పోయేది 6. ఇంజెక్టరు నుంచి వచ్చే ఇంధనం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక ప్రవాహం 5 శాతానికి పైగా తగ్గుతుంది. టర్బో పూర్తి ఒత్తిడిలో ఉన్నప్పుడు ఆ తగ్గుదల ఇంజనును పాడుచేయగలదు. రెయిలు మీద పీడన సెన్సరు పెట్టి, పంపు వేగాన్ని కంప్యూటరే సరిచేసే ఏర్పాటు ఉంటే ఈ వాదనకు బలం ఉంది. అది లేనప్పుడు వెనక రెగ్యులేటర్ సరికాదు.

రెండో అభ్యంతరం ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ వాడేవాళ్లది: తమ కారులో క్లచ్ లేదు, ఫ్లైవీల్ చోట బలమైన ఫ్లెక్స్‌ప్లేటు, ట్రాన్స్‌మిషన్ షీల్డు ఉన్నాయి, ఫైర్‌వాల్ అంటే భయమెందుకని. ఫ్లెక్స్‌ప్లేటుకూ టార్క్ కన్వర్టరుకూ అదే వేగం, అదే తలం. షీల్డు అనేది ముక్కలను ఆపడానికి పెట్టే రెండో అడ్డు. దాన్ని చూపి ఇంధనాన్ని ముక్కల దారిలోనే పెట్టడం ఉన్న రక్షణను తగ్గించుకోవడమే. పైగా ఫైర్‌వాలుకు వేసే ప్రతి రంధ్రమూ మంట లోపలికి వచ్చే దారే. మూడో అభ్యంతరం మరింత బరువైనది: రెగ్యులేటరును ముందుకు జరిపితే కారు గోడకు గుద్దుకున్నప్పుడు అదే ముందు నలుగుతుంది కదా? ఇది ఒప్పుకోవలసిన మాట. అందుకే రేడియేటర్ మద్దతు చట్రం, కారు ముక్కు కూడా నిషిద్ధ స్థలాలే. ఫ్లైవీల్ తలానికి ముందు, రేడియేటరుకు వెనక ఉన్న మధ్య భాగమే మిగులుతుంది.

సరైన చోటు, సరైన బిగింపు

ఆ మధ్య భాగంలోనూ తీసివేయవలసినవి ఉన్నాయి. క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసనుండే బ్యాలెన్సర్ తలం, సూపర్‌చార్జర్ బెల్టు పరిగెత్తే దారి, ముందు చక్రం చిమ్మే రాళ్లకు ఎదురుగా ఉండే చోటు, కనెక్టింగ్ రాడ్డు విరిగితే బ్లాకును పొడుచుకుని వచ్చే కింది పక్కలు వదిలేయాలి. ఇవన్నీ పోగా మిగిలేది ఇంజను పక్కన ఫెండర్ లోపలి గోడ, లేదా స్ట్రట్ టవరు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఎత్తులో, హెడర్లకు బాగా పైన, వాటి నుంచి పక్కకు జరిగి. ట్యూబు చట్రం ఉన్న కారులో చట్రానికి వెల్డు చేసిన బ్రాకెట్ ఇంకా మేలు. బైపాస్ రకం అయితే ఇంధనం ముందు రెయిళ్లను దాటి చివరగా రెగ్యులేటరుకు రావాలి, అప్పుడు ఇంజెక్టర్లన్నిటికీ తాజా ఇంధనం అందుతుంది. ఇంజను మీదే బిగిస్తే గొట్టాలు పొట్టివవుతాయి, కానీ కంపనానికి బ్రాకెట్ అలసి విరుగుతుంది. చట్రానికి బిగిస్తే ఇంజను ఊగినప్పుడు లాగకుండా గొట్టానికి కాస్త వదులు ఉంచాలి. రెండింటిలో చట్రం మేలు.

రెగ్యులేటరును ఎప్పుడూ ఫిట్టింగుల మీద వేలాడదీయకూడదు, బరువు బ్రాకెట్టే మోయాలి. రిటర్న్ గొట్టం సన్నగా ఉంటే స్క్రూ ఎంత వదులు చేసినా ఒత్తిడి దిగదు, కాబట్టి పంపు సామర్థ్యానికి తగిన లావు ఉండాలి. గేజి డ్రైవరుకు కనిపించాలనుకుంటే ఇంధన గొట్టాన్ని లోపలికి తీసుకురాకుండా ఎలక్ట్రిక్ సెన్సరు వాడాలి. బిగించడం అయ్యాక ఇంజను స్టార్ట్ చేయకుండా పంపును మాత్రమే తిప్పి, ప్రతి జాయింటును పొడి తెల్ల కాగితంతో తుడిచి చూడాలి. కాగితానికి తడి తగిలితే ఆ కారు ట్రాక్ మీదికి వెళ్లకూడదు. కారు వెనక ఉండే మెయిన్ స్విచ్ నొక్కగానే పంపు ఆగుతోందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే ఆగని పంపు ఎంత మంచి చోట బిగించిన రెగ్యులేటరునైనా మంటకు ఇంధనం అందించే కుళాయిగా మారుస్తుంది.

నిబంధనల పుస్తకాలు ఏటా మారుతుంటాయి, తరగతిని బట్టి వేరుగానూ ఉంటాయి. పోటీకి దిగేవారు ఆ ఏటి పుస్తకం చూసి, ట్రాక్ సాంకేతిక తనిఖీ అధికారితో మాట్లాడి గాని రంధ్రం వేయకూడదు. ఎక్కడ ఏ నిబంధన ఉన్నా, లేకున్నా, ఇంజను ముందుండే డ్రాగ్ కారుకు తీర్పు ఒకటే: రెగ్యులేటర్ ఇంజను పక్కన, ఫ్లైవీల్ తలానికి కనీసం 15 సెంటీమీటర్లు ముందు, హెడర్లకు దూరంగా, గట్టి బ్రాకెట్ మీద ఉండాలి. ఫైర్‌వాల్ మీద ఎన్నడూ ఉండకూడదు.