ఉండే హక్కు, అమ్మకాన్ని ఆపే హక్కు

ఇల్లు దంపతులిద్దరిదీ అంటాం. దస్తావేజులో మాత్రం తరచూ ఒక్కరి పేరే ఉంటుంది. పేరు లేని రెండోవారిని ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టవచ్చా? వారికి చెప్పకుండా ఇల్లు అమ్మేయవచ్చా? ఈ రెండు ప్రశ్నలకూ చట్టాలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరుగా జవాబు చెప్పాయి.

ఇంగ్లండులో కదలిక ఒక ఓటమితో మొదలైంది. భార్యను వదిలి వెళ్ళిన ఒక భర్త ఇంటిని తన కంపెనీ పేరుకు మార్చాడు. కంపెనీ దాన్ని బ్యాంకుకు తాకట్టు పెట్టింది. ఇలాంటి భార్యలకు ఇంటిపై హక్కుందని న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ అంతకుముందు నుంచీ తీర్పులిస్తూ వచ్చారు. 1965లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ వాదాన్ని తోసిపుచ్చింది: ఆమె హక్కు భర్త మీదే, బ్యాంకుకు దానితో పనిలేదు. రెండేళ్ళ తర్వాత 1967లో పార్లమెంటు దాంపత్య గృహాల చట్టం తెచ్చింది. నివాస హక్కును భూమి రికార్డుల్లో నమోదు చేయించుకుంటే ఆ తర్వాత కొన్నవారూ దానికి కట్టుబడాలి. నమోదు చేయించుకోవాల్సిన బాధ్యత మాత్రం పేరు లేనివారిదే.

ఐర్లండు 1976లో ఆ బరువును కొనేవారి మీదికి మార్చింది. భాగస్వామి ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే కుటుంబ గృహం అమ్మకం చెల్లదు.

మన దేశంలో 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. యాజమాన్యంతో నిమిత్తం లేకుండా ఉమ్మడి నివాసంలో ఉండే హక్కును 17వ సెక్షన్ స్త్రీకి ఇచ్చింది. రెండు నెలలకే, బాత్రా కేసులో, అత్తగారి పేరున ఉన్న ఇల్లు అలాంటి నివాసం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. 1967 బ్రిటిష్ చట్టం వంటిది మనకు లేదని కూడా ఆ తీర్పులో గుర్తుచేసింది. బాత్రా తీర్పును సరిదిద్దడానికి 2020 దాకా పట్టింది. భర్త బంధువుల ఇల్లయినా కోడలు కాపురమున్న చోటు ఉమ్మడి నివాసం కావచ్చని అహూజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అయితే అది తిరుగులేని హక్కు కాదనీ, అత్తమామల హక్కులతో కలిపి తూచాలనీ అంది.

ఇదంతా ఉండే హక్కు గురించే. అమ్మకాన్ని ఆపాలంటే కేసు వేసి 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. గోవాలో ఆ అగత్యం లేదు. పోర్చుగీసుల 1867 నాటి పౌరస్మృతి వారసత్వంగా, వేరే ఒప్పందం లేకుంటే ఆస్తి దంపతులిద్దరిదీ. ఇల్లు అమ్మాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి.

తెలుగునాట భర్త తన స్వార్జితపు ఇంటిని అమ్మడానికి భార్య సమ్మతి చట్టప్రకారం అక్కర్లేదు. అయినా కొనేవారిలో కొందరు ముందుజాగ్రత్తగా ఆమె చేత సాక్షి సంతకం పెట్టిస్తారు. చట్టం అడగని సంతకాన్ని లోకజ్ఞానం అడుగుతోంది.