రోలింగ్ రీస్టార్ట్

రోలింగ్ రీస్టార్ట్ అనగా ఒకే సేవనందించే అనేక సర్వర్లను ఒక్కసారిగా కాక, జట్లుగా విడదీసి ఒకదాని తరువాత ఒకటిగా పునఃప్రారంభించు పద్ధతి. ఒక జట్టు ఆగినపుడు మిగిలినవి పనిచేస్తుండుటచే సేవ నిలిచిపోదు.

మైకేల్ డిహాన్ రూపొందించగా 2012లో విడుదలై, 2015లో రెడ్ హ్యాట్ సంస్థ పరమైన యాన్సిబుల్‌లో ఈ పనిని ప్లేబుక్ అను ఫైలులో వ్రాస్తారు. అందులో 'సీరియల్'కు ఇచ్చిన సంఖ్యయే జట్టు పరిమాణం. 12 సర్వర్లకు 4 అని వ్రాస్తే 3 జట్లు ఏర్పడతాయి.

ప్లేబుక్‌లో పనుల క్రమమే కీలకం. రద్దీని పంచే లోడ్ బ్యాలెన్సరు నుండి సర్వరును తప్పించుట 'ప్రీ టాస్క్స్'లోను, కొత్త అమరికలను వ్రాయుట 'టాస్క్స్'లోను, సర్వరును తిరిగి చేర్చుట 'పోస్ట్ టాస్క్స్'లోను ఉండాలి. అమరికలు మారినపుడు సేవను పునఃప్రారంభించే 'హ్యాండ్లర్' వెంటనే నడవదు; టాస్క్స్ అన్నీ ముగిసిన పిదప, పోస్ట్ టాస్క్స్‌కు ముందు నడుస్తుంది. కనుక తిరిగి చేర్చు పనిని టాస్క్స్ చివర వ్రాసినచో, సర్వరు మరల వాడుకరులకు అందుబాటులోకి వచ్చిన తరువాత ఆగుతుంది. చదువుటకు క్రమం సరిగానే తోచుటచే ఈ దోషం సులభంగా పట్టుబడదు.

తిరిగి చేర్చుటకు ముందు సేవ బదులిస్తున్నదో లేదో పరీక్షించాలి. పోర్టు తెరచుకున్నంత మాత్రాన సేవ సిద్ధమైనట్లు కాదు. పరీక్షలో విఫలమైన సర్వరుపై తరువాతి పనులు జరగవు గనుక అది వెలుపలనే ఉండిపోతుంది. 'మాక్స్ ఫెయిల్ పర్సెంటేజ్' అను హద్దు మించితేనే మొత్తం పని ఆగుతుంది, సమానమైతే ఆగదు. 4 సర్వర్ల జట్టులో 2 విఫలమైతే ఆగవలెనన్నచో 50 కాక 49 అని వ్రాయాలి.